మాఘం చలి, రాళ్ల వాన: వస్తాయో రావో తెలియని వారానికి హైదరాబాద్‌లో ఇంటిని సిద్ధం చేసుకోవడం ఎలా?

సంక్రాంతి వెళ్లిన రెండు వారాలకే మా ఇంట్లో స్వెటర్లు ఉతికి సజ్జ మీద పెట్టేసేవాళ్లం. మధ్యాహ్నం ఫ్యాన్ వేసుకునే ఎండ మొదలయ్యేసరికి ఇక చలి పోయినట్టే అనిపించేది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు అన్న మాట నిజమే. కానీ ఆలోపు మాఘమాసం మొత్తం గడవాలి. మాఘంలో మాకులు (చెట్లు) కూడా వణుకుతాయని అన్నదీ ఆ పెద్దలే.

మా అపార్ట్‌మెంట్ చందానగర్ వైపు, పల్లంలో ఉంటుంది. ఒక ఫిబ్రవరిలో మూడు రాత్రులు ఒళ్లు కొరికే చలి పెట్టింది. నాలుగో రోజు సాయంత్రం గంటసేపు రాళ్ల వాన పడింది. ఆ వారమంతా ఫోన్‌లో ఫోర్‌కాస్ట్ రోజుకో రకంగా మారుతూనే ఉంది. వచ్చేలా ఉంటే అప్పుడు చూద్దాంలే అని అందరం ఊరుకున్నాం. సెల్లార్‌లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. వాచ్‌మన్ కుటుంబం ఉండే గది సెల్లార్‌లోనే. వాళ్ల బియ్యం బస్తా, పరుపు, పిల్లల పుస్తకాలు అన్నీ నానిపోయాయి. ఆ నలుగురూ తడి బట్టలతో మెట్ల మీద ముడుచుకుని కూర్చోవడం నేనింకా మర్చిపోలేదు.

వస్తుందో రాదో తేలేదాకా ఆగితే, తేలేసరికి చేయడానికి టైమ్ ఉండదు. అందుకని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎక్కువ టైమ్ పట్టేవి, వాన రాకపోయినా వృథా కాని పనులు ముందు చేసేస్తాను. మిగతా పనులకు ఏ గుర్తు కనిపిస్తే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకుంటాను.

ముందుగా, మన ఊళ్లో ఏది రాగలదో తెలుసుకోండి

తెలుగులో మంచు అనే ఒక్క మాటే చాలా వాటికి వాడతాం. గడ్డి మీద తడీ మంచే, రోడ్డు కనపడనివ్వని పొగమంచూ మంచే, సిమ్లాలో కురిసేదీ మంచే. అందుకే 'నగరాన్ని కమ్మేసిన మంచు' అని వార్త రాగానే వాట్సాప్‌లో గందరగోళం మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరి 8న. హిమాలయాల్లో కురిసే మంచు ఇక్కడ కురవదు.

కురిసేది రాళ్లు. ఉరుముల మేఘం నాలుగైదు కిలోమీటర్లు దాటి ఇంకా ఎత్తుకు పెరిగినప్పుడు, పైన గడ్డకట్టే చలిలో వడగళ్లు తయారవుతాయి. కింద ఎండ మండుతున్నా అవి కరిగిపోకుండానే నేలకు చేరతాయి. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో రోడ్లూ పొలాలూ తెల్లగా కప్పుకుపోయిన వీడియోలు చూసి చాలామంది కశ్మీర్ అనుకున్నారు. అవి వడగళ్లే.

కశ్మీర్ మంచుకీ మన చలికీ మాత్రం సంబంధం ఉంది. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్సులు అనే వాన మబ్బుల గుంపులు హిమాలయాల్లో మంచు కురిపించి వెళ్తాయి. వాటి వెనకాల ఉత్తరాది నుంచి పొడి చలిగాలి దిగుతుంది. అది విదర్భ, ఛత్తీస్‌గఢ్ మీదుగా ఆదిలాబాద్‌కి, అక్కడి నుంచి మన దాకా వస్తుంది. కశ్మీరీలు డిసెంబర్ 21 నుంచి 40 రోజుల చలిని చిల్లై కలాన్ అంటారు. ఆ తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్, చివరి 10 రోజులు చిల్లై బచ్చా. అంటే వాళ్ల లెక్కలోనూ చలి ఫిబ్రవరి నెలాఖరు దాకా ఉంటుంది. ఫిబ్రవరిలో ఉత్తరాదిన పెద్ద మంచు పడిందని వార్త చూస్తే, రెండు మూడు రోజుల్లో మనకూ రాత్రులు చల్లబడవచ్చని నేను గుర్తుపెట్టుకుంటాను.

వరద విషయంలో అనవసరమైన టెన్షన్ వద్దు. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద, 2020 అక్టోబర్ వరద వేరు. అవి ఊళ్లకు ఊళ్లను ముంచినవి. ఫిబ్రవరి వానకు వీధి మునుగుతుంది, సెల్లార్ మునుగుతుంది, నాలా పక్క ఇల్లు మునుగుతుంది. మనం సిద్ధపడాల్సింది దానికే.

ఫోర్‌కాస్ట్ చదవడం నేర్చుకోండి

నా ఉద్దేశంలో మొత్తం పనిలో సగం ఇదే. బేగంపేటలోని వాతావరణ కేంద్రం బులెటిన్‌లో ప్రతి మాటకీ ఒక లెక్క ఉంటుంది.

'ఒకటి రెండు చోట్ల వాన' అంటే వాన కొంచెమే పడుతుందని కాదు. ఆ ప్రాంతంలోని స్టేషన్లలో పాతిక శాతం లోపు చోట్ల పడుతుందని అర్థం. 'కొన్ని చోట్ల' అంటే 26 నుంచి 50 శాతం, 'చాలా చోట్ల' అంటే 51 నుంచి 75 శాతం. పడే ఆ ఒక్క చోటు మన వీధే అయితే కుండపోతే కావచ్చు. వేసవి ముందు ఉరుముల వాన అలాగే ఉంటుంది. కూకట్‌పల్లిలో రోడ్లు మునిగితే ఎల్బీనగర్‌లో దుమ్ము లేస్తూ ఉంటుంది.

'తేలికపాటి నుంచి మోస్తరు వర్షం' అన్న మాట ఇంకా ఎక్కువ మోసపుచ్చుతుంది. మోస్తరు అంటే 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల దాకా. 64.5 దాటితేనే అది భారీ వర్షం. రోజంతా ముసురుగా 40 మిల్లీమీటర్లు పడితే నేల తాగేస్తుంది. అదే 40 మిల్లీమీటర్లు ముప్పావుగంటలో పడితే సెల్లార్‌లోకి వస్తుంది. రెండింటికీ బులెటిన్‌లో మాట ఒకటే. కాబట్టి ఆ మాట పక్కన 'ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులు' కూడా ఉన్నాయేమో చూడండి. ఉంటే వాన తక్కువ టైమ్‌లో గట్టిగా పడే అవకాశం ఉన్నట్టే.

రంగుల సంగతి: గ్రీన్ అంటే హెచ్చరిక లేదు. ఎల్లో అంటే కనిపెట్టుకుని ఉండండి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి. రెడ్ అంటే వెంటనే జాగ్రత్తలు అమలు చేయండి. మాది పల్లం కాబట్టి ఎల్లోకే ఆరెంజ్ పనులు చేసేస్తాం. మీది ఎత్తు మీద ఉన్న ఇల్లయితే అంత అవసరం ఉండదు.

చలికి మాత్రం రంగుల కోసం ఎదురుచూడకండి. మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గితేనే సాధారణంగా శీతల గాలులు అని ప్రకటిస్తారు. ఫిబ్రవరిలో మన రాత్రులు మామూలుగా 17, 18 డిగ్రీలు ఉంటాయి. అది 12కి పడితే లెక్కల్లో శీతల గాలి కాదు, ఏ హెచ్చరికా రాదు. కానీ అప్పటికే పలచటి దుప్పటికి అలవాటు పడిన 75 ఏళ్ల మనిషికి ఆ ఐదారు డిగ్రీలు చాలా ఎక్కువ. మా ఇంట్లో మేం పెట్టుకున్న హద్దు 13 డిగ్రీలు. ఆ అంకె కనిపించిందంటే రగ్గులు దిగుతాయి.

టీవీలో చెప్పే అంకె చాలాసార్లు బేగంపేటది. పటాన్‌చెరు, రాజేంద్రనగర్, శేరిలింగంపల్లి వైపు రాత్రులు అంతకంటే చల్లగా ఉంటాయి. కాంక్రీటు తక్కువ, ఖాళీ నేల ఎక్కువ ఉన్నచోట పగటి వేడి త్వరగా పోతుంది. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీకి రాష్ట్రమంతా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. అందులో మీ ఇంటికి దగ్గరి స్టేషన్ ఏదో చూసి, వారం పాటు పొద్దున్నే దాని అంకె గమనిస్తే మీ వీధి స్వభావం తెలిసిపోతుంది. ఇంకో మాట: బులెటిన్‌లో వర్షపాతం అంటే అంతకుముందు రోజు ఉదయం 8:30 నుంచి ఆ రోజు ఉదయం 8:30 దాకా పడింది.

ఫోన్‌లో మూడు యాప్‌లు చాలు. రాబోయే మూడు గంటల అంచనాకి (నౌకాస్ట్) మౌసమ్, పిడుగులకి దామిని, హెచ్చరికలకి సచేత్.

ఆకాశాన్ని కూడా చూడండి

చలీ వానా సాధారణంగా ఒకే రాత్రి కలిసి రావు. ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఈ వరస తెలిస్తే ఫోర్‌కాస్ట్ తడబడినా మనం తడబడం.

ఆకాశం తేటగా ఉండి, గాలి పొడిగా ఉత్తరం నుంచి వీస్తుంటే ఆ రాత్రి చలి. నేల వేడిని ఆపడానికి పైన మబ్బు లేదు కాబట్టి తెల్లవారుజామున నాలుగు, ఆరు గంటల మధ్య బాగా పడిపోతుంది. ఆ తర్వాత ఒక రోజు గాలి తూర్పుకో ఆగ్నేయానికో తిరుగుతుంది. బంగాళాఖాతం తేమ వచ్చి రాత్రి చలి ఒక్కసారి తగ్గిపోతుంది, మధ్యాహ్నం ఉక్కపోస్తుంది. హమ్మయ్య, చలి పోయిందని అందరూ ఊపిరి పీల్చుకునేది ఆ రోజే. నేను డ్రెయిన్లు చూసుకునేది కూడా ఆ రోజే. పైనుంచి చల్లటి పొడిగాలి, కింద నుంచి ఈ తేమగాలి కలిసిన చోట సాయంత్రానికి ఉరుముల మేఘాలు లేస్తాయి. వాన వెలిసి ఆకాశం విచ్చుకుంటే, తడి నేల మీద మర్నాడు పొద్దున పొగమంచు పడుతుంది.

ఐదు రోజుల ముందు: టైమ్ పట్టే పనులు

బీపీ, షుగర్, ఆస్తమా మందులు పది రోజులకు సరిపడా తెచ్చి పెట్టండి. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. ఒక్క పూట కూడా మాత్ర తప్పకూడని రోజులివి. ఇన్‌హేలర్ ఖాళీ అయిందేమో ఇప్పుడే చూడండి.

టెర్రస్ మీద నీళ్లు పోయే గొట్టాల మూతులు శుభ్రం చేయించండి. ఫిబ్రవరి ఆకు రాలే కాలం. పైగా వర్షాకాలం తర్వాత ఎవరూ అటు వెళ్లి ఉండరు. 200 గజాల టెర్రస్ అంటే సుమారు 167 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి ఒక్క మిల్లీమీటర్ వాన అంటే ఒక లీటరు. 30 మిల్లీమీటర్లు పడితే 5,000 లీటర్లు, అంటే ఒక నీళ్ల ట్యాంకర్. ఆకులకి వడగళ్లు తోడై గొట్టం మూసుకుంటే ఆ ట్యాంకర్ మొత్తం మీ పైకప్పు మీదే నిలబడుతుంది.

సెల్లార్‌లో నీళ్లు తోడే మోటారు ఉంటే ఒక బకెట్ నీళ్లు గుంటలో పోసి నడిపి చూడండి. మాది ఆ రోజు నడవలేదు. నెలల తరబడి వాడక బిగుసుకుపోయింది. మోటారు ఉందన్న ధైర్యమే మమ్మల్ని ముంచింది. దాని స్విచ్ సెల్లార్‌లోనే ఉంటే పై అంతస్తుకు మార్పించండి. నీళ్లలో నడిచి వెళ్లి వేయాల్సిన స్విచ్ ఉన్నా లేనట్టే.

ఇంటి ముందు నాలా పూడిపోయి ఉంటే ఫొటో తీసి మీ మున్సిపల్ కార్పొరేషన్‌కి (జీహెచ్‌ఎంసీ అయితే 040-21111111) చెప్పండి. డ్రైనేజీ, మ్యాన్‌హోల్ సంగతి వాటర్ బోర్డుకి, 155313. మ్యాన్‌హోల్ మూత మాత్రం ఎప్పుడూ మనం తీయకూడదు. నీళ్లు నిలిచాక తెరిచిన మూత కనపడదు, మనిషి ప్రాణం పోతుంది.

కారు ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి చదవండి. థర్డ్ పార్టీ పాలసీలో వడగళ్లకి, వరదకి ఏమీ రాదు. సమగ్ర పాలసీ ఉన్నా, నీళ్లు చేరిన ఇంజిన్‌ని స్టార్ట్ చేసి పాడుచేసుకుంటే ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ఆన్ లేకుండా డబ్బు రావడం కష్టం.

చలి రాత్రికి

హీటర్ ఉంటే దాని వెనక ఎన్ని వాట్లో చూడండి. 2,000 వాట్ల హీటర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని చిన్న 6 ఆంపియర్ల సాకెట్‌కో ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కో పెడితే వైరు కాలుతుంది. గీజర్ నడిచే 16 ఆంపియర్ల సాకెట్ వాడండి. పడుకునే ముందు గంట వేసి గది వెచ్చబడ్డాక ఆపేయండి. రాత్రంతా వేసి పడుకోవద్దు.

బొగ్గుల కుంపటి మూసిన గదిలో పెట్టకూడదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం లేకుండా ఇంటింటికీ చెప్పండి. మంట ఆరి ఎర్రగా నిప్పులు మాత్రమే ఉన్నప్పుడు పొగ రాదు, ప్రమాదం లేదనుకుంటాం. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు అప్పుడూ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు, నిద్ర, అంతే. గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపల ఉన్నా ఇదే ప్రమాదం. కిటికీ తెరిచి, నీళ్లు బకెట్లో పట్టుకుని, గీజర్ ఆపాకే స్నానానికి వెళ్లండి.

పెద్దవాళ్లకి ఒకే మందమైన రగ్గు కంటే రెండు మూడు పొరలు మేలు. మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత మీద రగ్గు వేస్తే ఏ హీటరూ అక్కర్లేదు. తలకి మంకీ క్యాప్, కాళ్లకి సాక్సులు. వేడినీళ్ల బ్యాగ్‌ని టవల్‌లో చుట్టే ఇవ్వండి. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు. ఉదయం వాకింగ్ ఎండ వచ్చాకే. చలి పొద్దుల్లో పొగ, దుమ్ము పైకి పోకుండా నేల దగ్గరే ఆగిపోతాయి కాబట్టి ఆస్తమా ఉన్నవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం.

ఎవరైనా వణుకు ఆగి మాట తడబడుతూ, మత్తుగా, అయోమయంగా ఉంటే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోయి ఉండవచ్చు. 108కి ఫోన్ చేయండి. తడి బట్టలు మార్చి ముందు ఛాతీ, పొట్ట వెచ్చబరచండి. స్పృహలో ఉంటేనే గోరువెచ్చని తీపి పాలో టీయో పట్టండి. చేతులూ కాళ్లూ రుద్దవద్దు, మద్యం పట్టవద్దు.

ఉక్కపోసిన రోజు

ఫోన్లు, పవర్ బ్యాంక్ చార్జ్ చేసుకోండి. సెల్లార్‌లోని బండ్లు ఎత్తున్న వీధికి మార్చండి. చెట్ల కింద, హోర్డింగుల కింద మాత్రం వద్దు. బయట ఉండే కారుకి పాత బొంతలు కప్పి తాడుతో కట్టండి. ప్లాస్టిక్ కవర్ ఒక్కటే వడగళ్లని ఆపదు. బండి తీసేముందు కింద ఒకసారి చూడండి, చలికి కుక్కపిల్లలు అక్కడే పడుకుంటాయి. సంపు మూత చుట్టూ ఇటుకలు పేర్చి ప్లాస్టిక్ షీట్ బిగిస్తే వీధి నీళ్లు లోపలికి దిగవు. ఇసుక బస్తాలు ర్యాంప్ మొదట్లో, రోడ్డు వైపే వేయాలి, సెల్లార్ గుమ్మం దగ్గర కాదు. మిద్దె తోటలో టమాటా, వంగ కుండీలు గోడ వారకు జరిపి షేడ్ నెట్ కప్పండి.

రాళ్లు పడటం మొదలైతే కిటికీ అద్దాలకి దూరంగా జరగండి. వీడియో కోసం బాల్కనీలోకి వెళ్లొద్దు. నీళ్లు సెల్లార్ ర్యాంప్ మీదికి వస్తున్నాయంటే లిఫ్ట్‌ని పై అంతస్తులో ఆపి, సెల్లార్ కరెంట్ మెయిన్ కట్ చేయండి. మెయిన్ సెల్లార్‌లోనే ఉండి నీళ్లు అప్పటికే చేరితే ఎవరూ దిగకండి, 1912కి ఫోన్ చేయండి. బండి కోసం దిగి చనిపోవడం కంటే ఘోరం లేదు. రోడ్డు మీద ఉంటే, పారే నీళ్లు అర అడుగున్నా మనిషిని పడేస్తాయి, అడుగు లోతుంటే చిన్న కారు తేలుతుంది. అండర్‌పాస్‌లోకి వెళ్లకండి.

వాచ్‌మన్ గది

చలి ముందు తగిలేదీ, నీళ్లు ముందు వచ్చేదీ అక్కడికే. కుంపటి మూసిన గదిలో పెట్టేది కూడా చాలాసార్లు అక్కడే, ఎందుకంటే వాళ్లకి హీటర్ లేదు. ఆ ఏడాది తర్వాత మా అసోసియేషన్‌లో ఒక తీర్మానం చేసుకున్నాం. ఎల్లో అలర్ట్ వచ్చినా, గాలి తూర్పుకు తిరిగినా, ఆ సాయంత్రానికే మొదటి అంతస్తులోని మీటింగ్ రూమ్ తాళం వాళ్లకి ఇచ్చేస్తాం. బియ్యం, గ్యాస్ స్టవ్, ఆధార్, రేషన్ కార్డు, పిల్లల పుస్తకాలు ముందే పైకి చేరుస్తాం. రెండు రగ్గులు ఆ గదిలో ఎప్పుడూ ఉంటాయి. వాన రాకపోతే వాళ్లు పొద్దున్నే కిందికి వస్తారు, అంతే. రెండుసార్లు అలా రాలేదు కూడా. ఎవరూ విసుక్కోలేదు.

మర్నాడు

పొగమంచు ఉంటే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కే పని ఎండ వచ్చేదాకా వాయిదా వేయండి. తప్పకపోతే హెడ్‌లైట్లు లో బీమ్‌లో పెట్టుకోండి, లేన్‌లో బండి ఆపవద్దు.

సంపులోకి వీధి నీళ్లు దిగాయని అనుమానం ఉన్నా ఆ నీళ్లు తాగకండి. తోడేసి, కడిగి, కొత్తగా నింపి, ప్యాకెట్ మీద ఉన్న మోతాదులో క్లోరిన్ బిళ్లలు వేయండి. రెండు మూడు రోజులు కాచి తాగండి. మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా, నీటి గుర్తు కనపడేలా ఫొటోలు తీసి, మెకానిక్ దగ్గరికి లాగించండి. సెల్లార్ గది గోడలు తడిగా ఉంటే స్విచ్‌బోర్డు లోపల కూడా తడి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ విప్పి చూసి సరే అన్నాకే ఆ గదికి కరెంట్ ఇవ్వాలి. అప్పటిదాకా మీటింగ్ రూమ్ తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది.